సారు సీట్లోనే ఉన్నారు

ఇంగ్లీషువాళ్లు మనకు వదిలిపోయినవాటిలో అన్నిటికన్నా పనికొచ్చేది రైలు అని మా ఆవిడ వాదన. ఆమె లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో గుమాస్తాగా పనిచేసింది. మేమున్న క్వార్టరు కూడా ఆమె పేరు మీద వచ్చిందే. అందుకని ఆ రోజుల్లో నేను ఎదురు చెప్పేవాణ్ని కాదు. ఇప్పుడామె రిటైరైంది, క్వార్టరూ ఖాళీ చేశాం. ఇక ధైర్యంగా చెప్పొచ్చు. రైలు కాదు, సీటు.

ఈ మాట మీద నేను ముప్ఫై ఏళ్లు పరిశోధన చేశాను. దానికి మెచ్చి యూనివర్సిటీ నన్ను పిలిచి డాక్టరేటు ఇస్తామంటే వినయంగా వద్దన్నాను.

సరే, ఎవరూ పిలవలేదు. పరిశోధనా చేయలేదు. యూనివర్సిటీ ఆఫీసులో, పిల్లల సర్టిఫికెట్లు సరిచూసే సెక్షన్లో, ముప్ఫై ఏళ్లు ఒకే సీట్లో గుమాస్తాగా కూర్చున్నాను. అది కూడా కూర్చున్నంతసేపే. సీట్లో లేని సమయమే ఎక్కువ. ఆ సంగతే చెప్పబోతున్నాను.

తొంభైల్లో తార్నాక చౌరస్తాలో నిలబడి కాసేపు చెవులు తెరిచి ఉంచితే చాలు, ఈ మాట ఎన్ని వేషాలు వేస్తుందో తెలిసేది. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి ఖర్చీఫ్ విసిరి సీటు పట్టేవాళ్లు. ఖర్చీఫ్ పడితే ఆ సీటు మనదే. దానికి చట్టం లేదు, కానీ చట్టాన్ని ఎవరూ అంత గౌరవించరు. ఒకసారి నా కళ్ల ముందే ఒకాయన ఖర్చీఫ్ పక్కకు జరిపి కూర్చున్నాడు. విసిరినవాడు తోసుకుంటూ వచ్చాడు.

"ఏందన్నా, ఖర్చీఫ్ ఏసింది కనబడతలేదా?"

"కనబడ్డది. ముక్కు తుడుచుకొని ఇస్త, ఉండు."

బస్టాపులోనే పక్కన ఇద్దరు పెద్దమనుషులు. "మీ పిల్లకు సీటొచ్చిందా?" అని ఒకాయన అడిగితే, "ఆంధ్రా దిక్కు వచ్చింది, గాడికి ఎవరు పంపుతరు" అని రెండో ఆయన. ఏ సీటు, దాని మీద పరుపు ఉందా, చేతులున్నాయా అని ఎవరూ అడగరు. హాస్టల్ సీటని ఇంకోటుంది. అది వచ్చినవాడికి దొరికేది ఇనప మంచంలో సగం. మిగతా సగంలో సీటు రానివాడు పడుకునేవాడు. ఎన్నికలప్పుడు సీటు రానివాడు కొత్త పార్టీ పెట్టేవాడు. సైకిలు సీటుకు కుచ్చులున్న తొడుగు వేసుకుంటే కొత్తగా పెళ్లయిందని గుర్తు. దర్జీ దగ్గరకు వెళ్తే ప్యాంటులో కూడా ఒక సీటు ఉంటుందని తెలిసేది, అది చిరిగాక.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆఫీసు సీటు ఒక ఎత్తు. ఆఫీసులో మనిషి బతికున్నాడా, ఆరోగ్యంగా ఉన్నాడా, పనిచేస్తున్నాడా అని ఎవరూ అడగరు. "సారు సీట్లో ఉన్నారా?" అని మాత్రమే అడుగుతారు. కాబట్టి మేమంతా సీట్లో ఉండటం అనే కళను బాగా సాధన చేశాం. దానికి మనిషి అక్కర్లేదు. గుర్తు చాలు. నా పక్క టేబులాయన గొడుగు కుర్చీకి తగిలించి పోయేవాడు, ఎర్రటి ఎండాకాలంలో కూడా. టైపిస్టు సగం తాగిన చాయ్ మీద సాసరు బోర్లించి పోయేది. ఇంకొకాయన అగరుబత్తి వెలిగించి పోయేవాడు, వచ్చినవాళ్లకు ఇప్పుడే లేచాడన్న నమ్మకం కుదరాలని. అగరుబత్తి అయిపోతే అటెండరు ఇంకోటి వెలిగించేది.

అగరుబత్తి ఆయన లేడు. రాస్తూ రాస్తూ నేనే పుట్టించాను. గొడుగూ చాయీ మాత్రం నిజం.

నాది కళ్లజోడు. చూసుకునేది ముక్కు మీదే ఉండేది. ఇది వేరే, సీటు కోసం ప్రత్యేకంగా కొన్నది. సికింద్రాబాద్ ఫుట్‌పాత్ మీద దొరికిన నల్ల ఫ్రేము, ఉత్త అద్దాలు. దాన్ని ఎలాపడితే అలా పెడితే పనిచేయదు. రెండు కాళ్లూ మడిచి పెడితే ఇంటికి పోయాడనుకుంటారు. రెండూ తెరిచి పెడితే మరిచిపోయాడనుకుంటారు. ఒక కాలు మడిచి ఒక కాలు తెరిచి, విప్పిన ఫైలు మీద కొంచెం వంకరగా పెట్టాలి. అప్పుడు చూసినవాళ్లకు, చదువుతూ చదువుతూ కళ్లు నులుముకోవడానికి తీశాడు, చేతులు కడుక్కుని వస్తాడు అనిపిస్తుంది. అలా నేను చేతులు కడుక్కోవడానికి పోయి మల్కాజ్‌గిరిలో మా తోడల్లుడి ఇల్లు మారే సామాను మోసి వచ్చిన రోజులున్నాయి.

మా సెక్షన్ అటెండరు మెట్టుగూడ నుంచి వచ్చే పెద్దావిడ. చర్చికి తప్పకుండా పోయే మనిషి. అందరం ఆయమ్మ అనేవాళ్లం. అబద్ధమాడితే పాపమని ఆమెకు గట్టి నమ్మకం. అందుకని నేను లేనప్పుడు ఎవరొచ్చి అడిగినా "సారున్నడు" అనేది కాదు. "సారు అద్దాలున్నయి" అనేది. మిగతాది వచ్చినవాళ్లే ఊహించుకునేవాళ్లు. ఆ పాపం వాళ్లది.

ఇంత ఏర్పాటు ఉన్న ఆఫీసులో, అడ్మిషన్ల కాలంలో ఒక మధ్యాహ్నం నా ప్యాంటు సీటు చిరిగింది. నా కుర్చీలో ఒక మేకు ఉండేది. ఏడాదికి రెండుసార్లు తల ఎత్తేది. ఆ రోజు నేను లేచాను, ప్యాంటు లేవలేదు. కళ్లజోడు పద్ధతి ప్రకారం పెట్టి, వెనకాల పేపరు అడ్డం పెట్టుకుని, చెట్ల కింద నుంచి నడుచుకుంటూ తార్నాకలో నాకు తెలిసిన దర్జీ దగ్గరకు పోయాను. ఆయన లుంగీ ఇచ్చి కూర్చోబెట్టాడు.

"సారూ, ఇది మూడో ప్యాంటు. ఒకసారి ఆ కుర్చీనే పట్కరాండ్రి, దానికే ఏమన్న చేద్దాం" అన్నాడు.

ఆ పెద్దమనిషి నాలుగు గంటలసేపు నన్ను లుంగీలో కూర్చోబెట్టాడని, అందుకే ఆలస్యమైందని నేను చాలా ఏళ్లు అందరికీ చెప్పాను. దర్జీకి పట్టింది పావుగంట. మిగతా సమయం చౌరస్తాలోని ఇరానీ హోటల్లో గడిచింది. అక్కడ గోడకు కొత్తగా టీవీ పెట్టారు. క్రికెట్ వస్తోంది. మనవాళ్లు గెలిచేలా ఉన్నారు. తర్వాత ఓడేలా ఉన్నారు. మళ్లీ గెలిచేలా ఉన్నారు. అలాంటప్పుడు లేచి వస్తే దేశద్రోహం. వికెట్లు మరీ వరుసగా పడి, ఇక చూసినా లాభం లేదని తేలాక లేచాను.

నాలుగూ ఇరవైకి ఆఫీసు మెట్లెక్కేసరికి మా సెక్షన్ ముందు లైన్ ఉంది. నా సర్వీసులో నా టేబులు ముందు గుంపు చూశాను, గొడవ చూశాను, ఒకసారి మేకను కూడా చూశాను. లైన్ చూడలేదు. పన్నెండు మంది, ఒకరి వెనకాల ఒకరు, చేతుల్లో కాగితాలతో, మాట్లాడకుండా నిలబడి ఉన్నారు. ఒక కుర్రాడు మాత్రం గోడ వైపు తిరిగి ఒంటరిగా నిలబడ్డాడు. ఏమైందని అడిగితే, "లైన్ల మాట్లాడిన సార్" అన్నాడు.

తల పక్కకు వంచి చూశాను. నా సీట్లో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. ముందు నా కళ్లజోడు, నేను పెట్టిన వంకరలోనే. పక్కన నా రిజిస్టరు, నా స్కేలు, నా ఎర్ర పెన్ను. ఒక్కొక్కరి కాగితం తీసుకుని, చదివి, నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించి, ఎడమవైపు దొంతిలో పెడుతోంది. తప్పుంటే ఎర్రగీత గీసి వెనక్కిస్తోంది.

నేను ఉన్నపళంగా ముందుకెళ్లి, "ఎవరమ్మా నువ్వు, ఇది నా సీటు" అన్నాను.

అనలేదు. లైన్లో ఆఖరున నిలబడ్డాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను. మూడు నాలుగు గంటలుగా నా కోసం కాచుకున్న పన్నెండు మంది ముందుకు పోయి, నేనే ఆ మనిషినని చెప్పే కాళ్లు నాకు లేవు. లైన్లో నిలబడటం క్షేమం అనిపించింది.

నా ముందున్నాయన వెనక్కి తిరిగి మెల్లగా అన్నాడు. "మేడం కొత్తగొచ్చినట్టున్నది. మంచిగ చేస్తున్నది. ముందటాయన అద్దాలు పెట్టి గల్లీలల్ల తిరుగుతడట."

"అట్లనా?" అన్నాను.

"నన్ను బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం మూడుసార్లు తిప్పిండు. నేను ఆయన మొఖం సుత చూడలే."

"చూడకపోవుడే మంచిది" అన్నాను.

లైన్ చకచకా కదిలింది. నంబరు పడ్డవాళ్లు పోకుండా, సారు సంతకం కోసం పక్కన నిలబడుతున్నారు. అంత త్వరగా కదులుతుందని తెలిస్తే నిలబడేవాణ్ని కాదు. నా వంతు వచ్చింది.

"మీదేంది?" అంది ఆ అమ్మాయి, తల ఎత్తకుండా.

"ఏం లేదమ్మా."

"ఏం లేకుంటె లైన్ల ఎందుకు నిలవడ్డరు?"

"సారు కోసం."

"సారొస్తడు. ఇగో, అద్దాలున్నయి."

"ఎప్పుడొస్తడు?" అని అడిగాను. ఆ జవాబు తెలుసుకోవాలని నాకూ ఉంది.

ఆమె అప్పుడు తల ఎత్తి గోడ గడియారం చూసింది. "ఒంటిగంట కాంచి ఇప్పుడే వస్తడంటున్నరు" అంది. పేపర్‌వెయిట్ కింద విడిగా ఒక ఫైలు పెట్టుకుంది. దాని మీద మా ఆఫీసు పంపిన కార్డు ఉంది. ఎమ్మెస్సీ లెక్కలు, వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు. సర్టిఫికెట్లు సరిచూసి నేను సంతకం పెట్టాలి, దాని మీద మా ఆఫీసరు సంతకం పెట్టి ముద్ర వేయాలి. ఇవాళ సాయంత్రం ఐదు లోపల అది జరగకపోతే సీటు రెండో పేరుకు పోతుంది. ఆ కార్డు మీద ఆ ముక్క రాసింది నా చెయ్యే.

ఇక్కడ నా గుండె కరిగిందనీ, నేను సింహంలా ముందుకొచ్చాననీ పెళ్లిళ్లలో చెబుతుంటాను. కరిగిన మాట నిజమే. కానీ కరిగిన గుండెతోనే వెనక్కి తిరిగి మెట్ల వైపు రెండడుగులు వేశాను. బయట ఒక చుట్టు తిరిగి, అప్పుడే వస్తున్నవాడిలా హడావుడిగా వద్దామని. అంతలో చాయ్ కెటిల్ పట్టుకుని ఆయమ్మ ఎదురొచ్చింది.

"సారూ, మీ సీటు ముందల మీరే లైన్ల నిలవడ్డరేంది?"

పన్నెండు తలలు తిరిగాయి. గోడ వైపు నిలబడ్డ కుర్రాడు కూడా తిరిగాడు.

ఆ అమ్మాయి స్కేలు చేతిలో పట్టుకునే లేచింది. "మీరేనా సార్?"

"నేనే అమ్మా."

"ఈ అద్దాలు మీయేనా?"

"నావే."

"వీటికి పవర్ లేదు సార్. నేను పెట్టుకొని చూసిన."

బోనఫైడ్ ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నేను టేబులు చుట్టూ తిరిగి నా కుర్చీ దగ్గరకు వెళ్లి, మేకు గుర్తొచ్చి, కూర్చోబోయి ఆగాను.

"కూసోండి సార్. మేకు లేసుండె, పేపర్‌వెయిట్‌తోని కొట్టిన" అంది.

తర్వాత ఆయమ్మ చెబితే తెలిసింది. ఆ పిల్ల ఒంటిగంటకు వచ్చింది. ఆయమ్మ మామూలుగానే "అద్దాలున్నయి బిడ్డా, కూసో" అంది. కూర్చోవడానికి ఇంకో కుర్చీ లేదు, కాబట్టి నా సీట్లోనే కూర్చోబెట్టింది. సీట్లో ఎవరున్నా జనానికి గుమాస్తాయే. ఒకరు కాగితం చేతిలో పెట్టారు. "నేను కాదు, సారొస్తడు" అంటే, "మీరే తీస్కోండి మేడం" అన్నారు. ఒకటి తీసుకుంది. ఇంక ఆగలేదు. మా రిజిస్టరులో ముందు పేజీ చూసి నంబరు ఎలా వేయాలో నేర్చుకుంది. ముందు పేజీ చూసి నేర్చుకుంది కాబట్టి, నేను చేసిన రెండు తప్పులకు కూడా ఎర్రగీత గీసింది.

నేను ఆమె ఫైలు తీసి సర్టిఫికెట్లు సరిచూడటం మొదలుపెట్టాను. గడియారంలో నాలుగున్నర.

"ఎక్కణ్నుంచమ్మా?"

"మేడ్చల్ అవుతల సార్. పన్నెండింటి ప్యాసింజర్‌కొచ్చి మల్కాజ్‌గిరిల దిగిన. ఊళ్లె ప్రైవేటు బడిల లెక్కలు చెప్తుంటి, ఆరో తరగతి నుంచి పది దాక."

"చెప్తుంటి అంటే?"

"నిన్న మీ కార్డు రాంగనే హెడ్‌మాస్టరుకు కాయితం రాసిచ్చొచ్చిన. ఆయన నా జాగల వాళ్ల కోడలిని పెట్టుకున్నడు, పొద్దుగాలనే. ఇంక ఆడ జాగ లేదు సార్. ఈడ దొరకకపోతే ఆడ లేదు, ఈడ లేదు."

నిన్న చేరిందా అని మనసులో లెక్క వేసుకున్నాను. ఆ కార్డు పోయిన వారమే రాశాను. పోస్టులో ఆలస్యమైందమ్మా, ఈ పోస్టాఫీసు వాళ్లు ఇంతే, అన్నాను. పోస్టాఫీసు వాళ్లను నేను క్షమాపణ అడగాలి. ఆ కార్డు నాలుగు రోజులు నా కళ్లజోడు కిందే ఉంది.

ఐదు సర్టిఫికెట్లు, ఐదు సంతకాలు. నాలుగూ ముప్ఫై అయిదుకు నా పని అయిపోయింది. నా సర్వీసులో అదే రికార్డు. ఫైలు పట్టుకుని ఇద్దరం ఆఫీసరు గదికి పరుగెత్తాం. తలుపు తెరిచి ఉంది. ఫ్యాను తిరుగుతోంది. కుర్చీకి కోటు తగిలించి ఉంది.

ఆ అమ్మాయి కోటు చూసింది, నన్ను చూసింది. "ఈ సారు సుత అద్దాల సారేనా?" అంది.

ఆయమ్మను పిలిచాను. "సారు ఏడి?"

"కోటున్నది" అంది ఆయమ్మ.

"అమ్మా, నాక్కూడా అదే చెప్తవా?"

ఆయమ్మ గొంతు తగ్గించింది. "తార్నాకల ఇరానీ హోటల్ల ఉన్నడు సారూ. ఆట చూడనీకి పోయిండు. టీవీకి దగ్గర, ముందటి కుర్చీ ఆయనదే."

ఇక్కడ నేను మీకు ఒక సంగతి దాచాను. హోటల్లో నా ముందు ఒక బట్టతల ఉంది. టీవీలో సగం దానికే సరిపోయింది. మధ్యాహ్నమంతా నేను దాన్ని "అన్నా, జర తల పక్కకు పెట్టు" అని అంటూనే ఉన్నాను. రెండుసార్లు వేలితో పొడిచాను కూడా. పాపం, పెట్టింది. మా ఆఫీసరును ఇరవై ఏళ్లుగా ఎదురుగా చూస్తూ వచ్చాను. వెనకనుంచి చూసే అవకాశం ఎప్పుడూ రాలేదు.

నడిచి పోయి పిలుచుకొచ్చే సమయం లేదు. ఫోన్ చేయాలి. ఆఫీసు ఫోన్ డయలుకు చిన్న తాళం ఉండేది. తాళంచెవి ఆఫీసరు కోటు జేబులో ఉంటుందని అనుకుని వెతికాను. వేరుసెనగ పొట్టు తప్ప ఏమీ లేదు.

"తాళంచెవి ఎందుకు సారూ?" అంది ఆయమ్మ. రిసీవరు పెట్టే చోట ఉండే మీటను వేలితో అంకెకు తగినన్నిసార్లు టకటకా కొడితే, డయలు తిప్పకుండానే నంబరు కలుస్తుంది. ఆయమ్మకు అది వచ్చు. పైవాళ్లు ఎవరైనా తనిఖీకి వస్తే హోటలుకు ఫోన్ కొట్టి ఆఫీసరును రప్పించే బాధ్యత ఆమెదేనని నాకు ఆ రోజే తెలిసింది. రిజిస్ట్రార్ వస్తే తప్ప కొట్టవద్దని ఆయన ఆర్డరు.

"కొట్టు అమ్మా, రిజిస్ట్రార్ వచ్చిండని చెప్పు" అన్నాను.

"రాలే గద సారూ."

"వచ్చిండని చెప్పు."

"నేను అబద్ధమాడ. నౌకరి పోతె పోతది, అది వేరే. నోటితోని అబద్ధం రాదు నాకు."

"నేను మాట్లాడుతా, ఇటియ్యి" అన్నాను. అని, ఆ బట్టతలను పొడిచిన గొంతు గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

నాలుగూ నలభై. ఆ అమ్మాయి బతిమాలలేదు. ఫైలు రెండు చేతులతో పట్టుకుని గడియారం చూస్తూ నిలబడింది. పరీక్ష హాల్లో పిల్లల్ని చూసే టీచర్లు అలా నిలబడతారు, కానీ ఆ రోజు పరీక్ష ఆమెదే.

ఆయమ్మ ఆమె వైపు కాసేపు చూసింది. తర్వాత కిటికీ దగ్గరకు పోయి కిందికి చూసింది. తిరిగొచ్చి, రిసీవరు తీసి, టకటకా కొట్టడం మొదలుపెట్టింది. అవతల హోటలు వాళ్లు ఎత్తారు. ముందు కుర్చీలో ఉన్న సారును పిలవమంది.

"సారూ, నేనే. రిజిస్ట్రార్ సారు కారు మన బిల్డింగు ముందల నిలబడ్డది." ఒక్క క్షణం విని, "అవ్ సారూ, తెల్లదే" అని పెట్టేసింది.

నేను కిటికీలోంచి చూశాను. కారు ఉంది. రోజూ ఉంటుంది. మా బిల్డింగు ముందు వేపచెట్టు నీడ మంచిదని డ్రైవరు పొద్దున్నే అక్కడ పెట్టి, సాయంత్రం దాకా వెనక సీట్లో పడుకుంటాడు.

ఆ పథకం నాదేనని మా బంధువులందరికీ తెలుసు. కారు చూసింది నేను, ఫోన్ కొట్టింది నేను, ఆయమ్మ ఆ రోజు సెలవు. ఇప్పుడు చెప్తున్నాను కదా, మొత్తం ఆవిడదే.

తొమ్మిది నిమిషాల్లో ఆఫీసరు ఆటో దిగారు. వెనక మెట్ల మీదుగా వచ్చి, ఆ ఉక్కపోతలో కోటు తొడుక్కుని, చేతికందిన ఫైలు తెరిచారు. మేము లోపలికి పోయేసరికి దాన్ని తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చదువుతున్నారు.

"సార్, ఎమ్మెస్సీ వెయిటింగ్ లిస్టు, ఇవాళే ఆఖరు" అన్నాను.

"పెట్టు, పెట్టు. అలా ఓరగా నిలబడు. తలుపు కనబడాలి."

సంతకాలు పెట్టారు. తలుపు వైపు చూస్తూ పెట్టారు. ఎక్కడ చూపిస్తే అక్కడ పెట్టారు. బ్లాటింగ్ పేపరు మీద కూడా ఒకటి పెట్టారు. ఆ అమ్మాయి ముద్ర తీసి చేతికిచ్చింది, ఆయన గుద్దారు. నాలుగూ యాభై మూడు.

అప్పుడు ఆయనకు కొంచెం ఊపిరి వచ్చింది. "రిజిస్ట్రార్ గారేరీ?" అన్నారు ఆయమ్మతో.

"నాకేమెరుక సారూ."

"వచ్చారన్నావు కదా."

"వచ్చిండని నేను అనలే. కారు నిలబడ్డది అన్న. అగో, ఇంక గాడనే ఉన్నది."

ఆఫీసరు కిటికీ దగ్గరకు పోయి కారును చూశారు. చాలాసేపు చూశారు. మేము ముగ్గురం ఆయన బట్టతలను వెనకనుంచి చూశాం. సందేహం లేదు, అదే. ఆయన తిరిగి వచ్చి ఆయమ్మను ఏదో అనబోయి, అంటే తను ఎక్కడున్నదీ కూడా అనాల్సి వస్తుందని తోచి, నా మీదికి తిరిగారు.

"నువ్వు మధ్యాహ్నమంతా ఎక్కడున్నావయ్యా?"

"సీట్లోనే ఉన్నాను సార్."

ఆయన కళ్లు చిన్నవి చేశారు. "నీ గొంతు ఇందాక ఎక్కడో విన్నట్టుందే."

"ఇరవై ఏళ్లుగా వింటున్నారు కదా సార్" అన్నాను, తల పక్కకు పెట్టి.

బయటకొచ్చాక ఆ అమ్మాయికి అడ్మిషన్ చీటీ రాసిచ్చాను. ఆమె దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది. ఎర్ర పెన్ను కోసం చెయ్యి కదిలిందేమో అనిపించింది, కానీ తప్పులేమీ లేవు. మడిచి, సంచిలో పుస్తకం మధ్య పెట్టుకుంది. అప్పుడు కళ్లు తుడుచుకుంది. ఆయమ్మ కెటిల్లో మిగిలిన చాయ్ పోసిచ్చింది. నేను కూడా కళ్లు తుడుచుకున్నాను. నాది లైన్ చూసి. పన్నెండు మందీ ఇంకా అక్కడే ఉన్నారు.

"వీళ్లయి సార్?" అంది ఆ అమ్మాయి.

"రేపు చూద్దామమ్మా."

"నంబర్లు ఏసిన సార్. సంతకం ఒక్కటే."

వచ్చినవాళ్లందరి పనీ ముగించందే సీటు దిగనని ఆ సాయంత్రం నేను ప్రతిజ్ఞ చేశాను. అంటే, ఆమె స్కేలు పట్టుకుని పక్కనే నిలబడి నంబర్లు పిలిచింది, నేను సంతకాలు పెట్టాను. బోనఫైడ్ ఆయన తన కాగితం తీసుకుని, నా మొహం బాగా చూసి గుర్తుపెట్టుకుని పోయాడు. గోడ వైపు నిలబడ్డ కుర్రాడికి ఆఖరున ఇటు తిరగడానికి అనుమతి దొరికింది. ఐదూ ఇరవైకి లైన్ అయిపోయింది. ఆయమ్మ ఆ పిల్లను తార్నాక దాకా తీసుకుపోయి, మల్కాజ్‌గిరి పోయే ఆటో ఎక్కించింది. సాయంత్రం ప్యాసింజర్ అందిందట.

పోయేముందు ఆమె నా దగ్గరకొచ్చి, చేతులు కట్టుకుని, వినయంగానే అంది. "సోమవారం నుంచి క్లాసులు సార్. ఇదే తొవ్వల పోవాలె. పొద్దుగాల పోంగ, మళ్ల అన్నం తిన్నంక పోంగ, ఒకసారి ఈ దిక్కు చూసి పోత."

చూసి పోయింది. రెండేళ్లు. పదిన్నరకు ఒకసారి, రెండింటికి ఒకసారి వరండా వైపు కిటికీలోంచి తల పెట్టి, "ఉన్నరా సార్" అనేది. అద్దాలను చూసి కాదు, నన్ను చూసి. లేకపోతే లోపలికి వచ్చి నా సీట్లో కూర్చుంటుందని భయం. కూర్చుంటే జనం ఆమెను లేవనివ్వరని ఇంకా పెద్ద భయం. ఆ రెండేళ్లు నేను ఒక్క పూట కూడా సీటు వదల్లేదు. ఆ కాలంలో మా సెక్షన్లో పెండింగ్ కాగితమే లేదు.

ఒక్క పూట కూడా అంటే, లెక్కల డిపార్టుమెంటు ప్యూను నాకు తెలిసినవాడే. ఆమె క్లాసుల టైంటేబులు అతనితో ఒక కాపీ రాయించుకుని సొరుగులో పెట్టుకున్నాను. బుధవారం మధ్యాహ్నం ఆమెకు వరుసగా మూడు క్లాసులుండేవి.